సర్వేయరు వస్తే బేరం చెడుతుందా?

భూముల కొనుగోళ్ల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఈసారి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి కేంద్రం సర్వేయరే. కొనేవాళ్లు ఆయన్ని దండగ ఖర్చు అంటున్నారు. అమ్మించేవాళ్లు అడ్డుపుల్ల అంటున్నారు. తగాదాలో ఉన్నవాళ్లయితే ఏకంగా జడ్జి అనుకుంటున్నారు. అందుకే ఈ సంచికంతా ఆ ఉత్తరాలకే కేటాయించాం.

ప్రశ్న: మా ఊరి శివార్లలో ఐదు సెంట్ల ఇంటి స్థలం చూశాను. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) బాగున్నాయని లాయరు చెప్పారు. ఒకసారి కొలిపిద్దామంటే బ్రోకరు ఒప్పుకోవడం లేదు. "రిజిస్టరు డాక్యుమెంటు ఉండగా కొలత దేనికన్నా? సర్వేయరు అడుగుపెడితే పక్కోళ్లకు లేనిపోని అనుమానాలు పుడతాయి, బేరం చెడుతుంది" అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: బేరం చెడొచ్చన్న మాట నిజమే. కొలత అక్కర్లేదన్నదే నిజం కాదు.

మీ దగ్గరున్న కాగితాలు ఏం చెబుతాయో చూడండి. ఈసీలో ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్టులు కనిపిస్తాయి. అమ్మేవాళ్లకు హక్కు ఎలా సంక్రమించిందో లాయరు చూస్తారు. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తారు. ఈసీ ఇచ్చేవారు, లాయరు, సబ్ రిజిస్ట్రార్‌లలో ఎవరూ స్థలంలో కాలుపెట్టరు, పెట్టాలన్న నియమమూ లేదు. మీ దస్తావేజులో "తూర్పు: ఫలానా వారి స్థలం, పడమర: రస్తా" అని ఉంటుంది. ఆ ఫలానా వారు అమ్ముకుని వెళ్లి ఇరవై ఏళ్లయి ఉండొచ్చు. రస్తా ఒక గజం ఇటు జరిగి ఉండొచ్చు. కాగితం మాత్రం మారదు.

ఇక అంకెలు. సెంటంటే 435.6 చదరపు అడుగులు, అంటే 48.4 గజాలు. ఐదు సెంట్లంటే 2,178 చదరపు అడుగులు. 33 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవు ఉంటే సరిగ్గా ఐదు సెంట్లు. వెడల్పులో ఒక్క అడుగు తగ్గితే 66 చదరపు అడుగులు, అంటే ఏడు గజాల పైచిలుకు పోయినట్టే. ఊరి శివార్లలో చేను చీల్చి అమ్మిన ప్లాట్లలో ఈ తరుగు ఎలా వస్తుందంటే, మొదటి కొనుగోలుదారు ప్రహరీ కట్టేటప్పుడు అర అడుగు బయటికి జరుపుతాడు. రెండోవాడు తన కొలత ఆ ప్రహరీ నుంచి మొదలుపెట్టి తనూ అర అడుగు కలుపుకుంటాడు. పది ప్లాట్లు దాటేసరికి ఐదడుగులు. ఆ ఐదడుగులూ చివరి ప్లాటువాడి నెత్తిన పడతాయి. మీరు చూసింది వరసలో ఆఖరి ప్లాటా, మూల ప్లాటా అన్నది ముందు తెలుసుకోండి.

కొలిపించేటప్పుడు గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. కొలత పక్కింటి గోడ నుంచి మొదలుకాకూడదు. సర్వే నంబరు హద్దురాయి నుంచి, లేదా ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతలుండే ప్రభుత్వ పుస్తకం) నక్షాలో ఉన్న బిందువు నుంచి రావాలి. నాలుగు పక్కలతో పాటు రెండు కర్ణాలూ, అంటే మూల నుంచి మూలకు, కొలవాలి. 33 × 66 ప్లాటు నిజంగా మూలమట్టంగా ఉంటే రెండు కర్ణాలూ 73 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు రావాలి. ఒకటి డెబ్భై రెండున్నర, ఇంకొకటి 75 వచ్చిందంటే ప్లాటు వంకరపోయింది, విస్తీర్ణం కూడా తగ్గింది.

మీ బ్రోకరుది పూర్తిగా దురుద్దేశమని అనలేం. రిజిస్ట్రేషన్ అయితేనే ఆయనకు కమీషన్. సర్వేయరుకు బేరం కుదిరినా చెడినా కూలి ముడుతుంది. ఇద్దరి తొందర ఒకేలా ఎందుకుంటుంది? ఆయన వద్దంటున్నాడని ఊరుకోకండి. అడ్వాన్సు కొద్దిగా ఇచ్చి, "కొలత సరిపోతేనే మిగతా డబ్బు" అని అగ్రిమెంటులో రాయించుకోండి. ఆ మాటకూ ఒప్పుకోకపోతే వేరే స్థలం చూసుకోవడం మంచిది.

ప్రశ్న: పన్నెండేళ్లుగా ఇళ్ల స్థలాలు, పొలాల వ్యాపారంలో ఉన్నాను. మీలాంటివాళ్లు సర్వేయర్లను వెనకేసుకొస్తారు గానీ మా బాధ ఎవరూ రాయరు. అంతా సిద్ధమయ్యాక వచ్చి "మూడెకరాల్లో పన్నెండు సెంట్లు తక్కువుంది" అంటారు. పార్టీ బెదిరిపోతుంది. ఎందుకు తగ్గిందో చెప్పరు, మాట్లాడితే "లైన్ ఇదే" అని వెళ్లిపోతారు. వీళ్లతో ఎట్లా నెగ్గుకురావాలి?
— ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి, ఆదోని

జవాబు: మీ ఫిర్యాదులో సగం న్యాయముంది. హద్దు చూపించి ఎందుకో చెప్పకపోతే ఆ పని సగంలో ఆగినట్టే. ఏ రాయి నుంచి మొదలుపెట్టారు, ఎఫ్‌ఎంబీలో ఎంత ఉంది, నేల మీద ఎంత వచ్చింది అన్న మూడూ కాగితం మీద పెట్టి ఇవ్వడం సర్వేయరు బాధ్యత. అది అడిగి తీసుకోండి.

మిగతా సగం మీ వరస క్రమంలో ఉంది. పార్టీ దొరికి, రేటు తెగి, రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకున్నాక సర్వేయరును పిలుస్తారు. అప్పుడు ఆయన ఏం చెప్పినా అడ్డుపుల్లే అవుతుంది. పొలం యజమానితో మీరు మాట్లాడుకునే రోజునే కొలిపిస్తే ఆ పన్నెండు సెంట్లు మీ లెక్కలో ముందే తేలిపోతాయి. సెంటు యాభై వేలనుకుంటే అది ఆరు లక్షల తేడా. యజమానితో తేల్చుకోవాల్సిన ఆ ఆరు లక్షలు చివర్లో పార్టీ ముందు బయటపడితే ముగ్గురికీ మొహం చెల్లదు.

తగ్గుదలకు ఈ ప్రాంతంలో కనిపించే కారణాలు కొన్ని చెబుతాం, మీకే పనికొస్తాయి. ఏటా ట్రాక్టరు దున్నేటప్పుడు గెనిమ (గట్టు) కొంచెం కొంచెం జరుగుతుంది. 5 × 6 గొలుసుల (గొలుసంటే 66 అడుగులు) మూడెకరాల చేనులో 396 అడుగుల పొడవున్న గెనిమ ఆరడుగులు లోపలికి జరిగితే అయిదున్నర సెంట్లు పోతాయి. ఎన్‌హెచ్-44 లాంటి రోడ్ల వెడల్పు కోసం, కాలువల కోసం తీసుకున్న భూమిని కొన్ని పాసుపుస్తకాల్లో తగ్గించి ఉండరు. అన్నదమ్ములు నాగటి చాళ్లు లెక్కపెట్టి పంచుకుని, కాగితం మీద సమానమని రాసుకుంటారు. ఇక నల్లరేగడిలో హద్దురాయే నిలవదు. వానకు నేల ఉబ్బి, ఎండకు పగిలి, రాయి ఒరిగిపోతుంది. ఒరిగిన రాయి తల దగ్గర కొలిస్తే ఒక లెక్క, మొదలు దగ్గర కొలిస్తే ఇంకో లెక్క వస్తుంది.

ఇంకొకటి సర్వేయరు రాకముందే మీరే పట్టుకోవచ్చు. ఆ సర్వే నంబరు కింద ఉన్న సబ్ డివిజన్లన్నింటి విస్తీర్ణాలూ 1-బి (పట్టాదారుల భూముల రిజిస్టరు) నుంచి తీసి కూడండి. ఆర్‌ఎస్‌ఆర్‌లో (రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో) ఆ నంబరుకు ఉన్న మొత్తంతో పోల్చండి. ఆరెకరాల నంబరులో పట్టాదారులందరివీ కలిపితే ఆరెకరాల ముప్పై సెంట్లు వచ్చిందంటే ఆ ముప్పై సెంట్లు భూమ్మీద ఎక్కడా లేవు. ఎవరి చేనులో లోటు బయటపడుతుందన్నదే మిగిలిన ప్రశ్న. ఈ లెక్కకు కాలిక్యులేటరు, పది నిమిషాలు చాలు. అయినా చేసేవాళ్లు తక్కువ.

అగ్రిమెంటులో "మొత్తం ధర ఇంత" అని గుండుగుత్తగా రాయకండి. "సెంటు ఇంత, సర్వేలో తేలిన విస్తీర్ణానికే చెల్లింపు" అని రాయండి. ఎంత వరకు తగ్గితే సర్దుకోవాలో, ఎంత తగ్గితే బేరం రద్దో కూడా అంకెల్లో పెట్టండి. "సుమారు" అనే మాట దస్తావేజులో కనిపిస్తే కొట్టేయించండి. విస్తీర్ణం ఒకటి, హద్దులు ఇంకొకటి చెప్పినప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే మొగ్గుతాయి. అంటే మూడెకరాలని రాసి ఉన్నా, నాలుగు హద్దుల మధ్య 2.88 ఎకరాలే ఉంటే కొన్నవారికి దక్కేది అదే.

సర్వేయరును అడగకూడనివి కూడా ఉన్నాయి. తగ్గినదాన్ని పక్కనున్న వంకలోకి (వాగులోకి) గానీ రస్తాలోకి గానీ జరిపి సరిపెట్టమనడం ఒకటి. కొలతతో పనిలేకుండా డాక్యుమెంటులో ఉన్న అంకే నక్షాలో రాయమనడం ఇంకొకటి. వంక ఏళ్ల తరబడి ఎండిపోయి చదునైన ఎర్రనేలలా కనిపిస్తుంది, నిజమే. రికార్డులో అది వంక పోరంబోకే. ఒక పెద్ద వాన పడ్డాక కొన్నవాళ్లు మీ ఆఫీసు ముందే కూర్చుంటారు.

ప్రశ్న: మా ఎకరా చేను ఇద్దరు ప్రైవేటు సర్వేయర్లతో కొలిపించాను. ఒకాయన 92 సెంట్లన్నారు, ఇంకొకాయన 88 అన్నారు. మా తమ్ముడు ఫోన్లో యాప్ పట్టుకుని చుట్టూ నడిస్తే 97 వచ్చింది. ఎవరు అబద్ధం చెబుతున్నట్టు?
— ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: ముగ్గురూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఒక్కొక్కరు కొలిచినది వేరు.

ఫోను సంగతి ముందు తేల్చేద్దాం. ఆరుబయట కూడా మామూలు ఫోను మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. చేను ఏ ఊరి వైపుందో తెలుసుకోవడానికి అది చాలు. హద్దుకు పనికిరాదు. ఉపగ్రహ చిత్రం మీద వేలితో గీసే హద్దులకూ ఇదే మాట వర్తిస్తుంది.

మిగతా ఇద్దరిదీ చూద్దాం. మన ఊళ్లలో చేను విస్తీర్ణం కట్టే పద్ధతి ఒకటుంది. ఎదురెదురు పక్కల సగటు తీసి, రెండు సగటులనూ గుణించేస్తారు. చేను మూలమట్టంగా ఉంటేనే ఈ లెక్క సరిపోతుంది. వంకరగా ఉంటే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించడమనేదే ఉండదు. నాలుగు పక్కలూ 200 అడుగులున్న చేను తీసుకోండి. సగటు పద్ధతిలో 40,000 చదరపు అడుగులు, అంటే దాదాపు 92 సెంట్లు. అదే చేనుకు ఒక కర్ణం 240 అడుగులొస్తే, రెండు త్రిభుజాలుగా విడగొట్టి లెక్కకడితే 38,400 చదరపు అడుగులు, అంటే 88 సెంట్ల చిల్లర. టేపు మారలేదు, పక్కలూ మారలేదు, అయినా మూడున్నర సెంట్లకు పైగా తేడా వచ్చింది. మీకొచ్చిన అంకెలు చూస్తే ఇదే జరిగిందేమోనన్న అనుమానం కలుగుతోంది. ఇద్దరినీ కర్ణం ఎంతొచ్చిందో అడగండి. కొలవలేదన్నవారి లెక్కను పక్కన పెట్టండి.

గొలుసు దగ్గర కూడా పొరపాటు పడతారు. పాత ఎఫ్‌ఎంబీలోని అంకెలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు, మీటర్లలో 20.1168. కొందరు 20 మీటర్ల గొలుసునే ఆ గొలుసుగా లెక్కపెడతారు. ఒక్కో గొలుసుకు తేడా పదకొండున్నర సెంటీమీటర్ల పైమాట. పది గొలుసులకు అది దాదాపు నాలుగడుగులవుతుంది. నక్షాలో 500 అని ఉంటే అవి లింకులా మీటర్లా అని అడగడం నామోషీ కాదు. 500 లింకులంటే 330 అడుగులు.

చేను గుట్ట వాలులో ఉంటే మరో సంగతి. నక్షాలో ఉండే పొడవు చదునుగా కొలిచినది. వందడుగులకు పదడుగులు ఎత్తు పెరిగే వాలులో నేలకానించి టేపు పరిస్తే, వందడుగులు చూపించినచోట అసలు పొడవు 99.5 అడుగులే. టేపును మట్టంగా పట్టి, చివర తూకపు గుండు దించి, మెట్లు మెట్లుగా కొలవాలి. ఎండకు ఉక్కు టేపు సాగుతుందని భయపడేవాళ్లుంటారు. ముప్పై మీటర్ల టేపు ఇరవై డిగ్రీలు వేడెక్కితే సాగేది ఏడు మిల్లీమీటర్లు. దాని గురించి దిగులొద్దు. పాత గుడ్డ టేపు గురించి దిగులు పడండి, లాగిన కొద్దీ సాగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మొదలుపెట్టిన చోటు. ఒక్క రాయి దొరికింది గదా అని అక్కడినుంచి గీత లాగేస్తే, ఆ రాయే జరిగి ఉంటే చేను మొత్తం జరిగిపోతుంది. కనీసం మూడు పాత రాళ్లు వెతికి, వాటి మధ్య దూరాలు ఎఫ్‌ఎంబీతో సరిపోతున్నాయో లేదో చూశాకే లోపలి హద్దుకు రావాలి. మీ సర్వే నంబరులో రాళ్లు లేకపోతే పక్క నంబరుకు, అక్కడా లేకపోతే మూడూళ్ల పొలిమేర కలిసే రాయికి వెళ్లాలి. ఇందుకే మంచి సర్వేయరుకు అర పూట చాలదు. గ్రామ పటం మీద స్కేలు పెట్టి దూరం తీసేవారిని నమ్మకండి. కాగితం ముడుచుకుంటుంది, జిరాక్సు సాగుతుంది. నక్షాలో రాసి ఉన్న అంకెనే తీసుకోవాలి.

రోవర్ (ఉపగ్రహ సంకేతాలతో చోటు చెప్పే పరికరం) తెచ్చారు గనుక తప్పు రాదన్న భరోసా కూడా వద్దు. సంకేతం సరిగ్గా అందితే రోవర్ ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాతో చోటు చెబుతుంది. చింతచెట్టు కింద, రేకుల షెడ్డు పక్కన సంకేతం చెదిరిపోతుంది. పైగా అది చెప్పేది మీరు కర్ర నాటిన చోటు ఎక్కడుందో. అక్కడే హద్దు ఉందా అన్నది రికార్డు చూసి మనిషే తేల్చాలి.

వీలైతే ఇద్దరు సర్వేయర్లనూ ఒకే రోజు పిలిచి, ఒకే మూడు రాళ్ల నుంచి మొదలుపెట్టమనండి.

ప్రశ్న: మా దగ్గర రీసర్వే అయిపోయింది. కొనాలనుకుంటున్న పొలం పాత సర్వే నంబరులో 4.20 ఎకరాలు, కొత్త ఎల్‌పీఎంలో (రీసర్వేలో ఇచ్చిన భూపటంలో) 4.05. అమ్మేవాళ్లు పాత లెక్కకే డబ్బు అడుగుతున్నారు. "కొత్త సర్వే అంతా తప్పులే, ఆ చట్టమే రద్దయింది" అంటున్నారు. ఏ లెక్క నమ్మాలి?
— ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నారు. 2024లో రద్దయింది భూ హక్కుల చట్టం, అంటే ల్యాండ్ టైట్లింగ్ చట్టం. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేకు ఆధారం 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం. అది అలాగే ఉంది. రద్దయిన చట్టం పేరు చెప్పి ఎల్‌పీఎంను కొట్టిపారేయలేరు.

అలాగని కొత్త అంకె శిలాశాసనమూ కాదు. పదిహేను సెంట్లు ఎక్కడికి పోయాయన్నదానికి మూడు దారులున్నాయి. నేల మీద అనుభవంలోనే తక్కువ ఉండొచ్చు. పాత రికార్డులోనే మొదటి నుంచి ఎక్కువ రాసి ఉండొచ్చు. కొత్త కొలతలో పొరపాటు జరిగి ఉండొచ్చు. రీసర్వేలో వాడిన డ్రోన్ చూసేది కనిపించే గెనిమను. ఆ గెనిమ ముందే జరిగిపోయి ఉంటే, జరిగిన గెనిమనే అది పటంలోకి ఎక్కిస్తుంది. అందుకే చుట్టుపక్కల ఎల్‌పీఎంల విస్తీర్ణం కూడా తీసి చూడండి. పక్క చేనుకు 14 సెంట్లు పెరిగి ఉంటే సంగతి అర్థమైపోతుంది. ఎవరికీ పెరగకపోతే పాత రికార్డే ఎక్కువ చూపించిందని అనుకోవాల్సి వస్తుంది.

దిద్దుబాటు కోరాల్సింది అమ్మేవారు, మీరు కాదు. సర్వే పూర్తయినట్టు ఆ 1923 చట్టం 13వ సెక్షన్ కింద నోటిఫికేషన్ వెలువడిన తేదీ నుంచి మూడేళ్లలోపు సివిల్ కోర్టుకు వెళ్లే అవకాశం 14వ సెక్షన్ ఇస్తుంది. ఆ తేదీ కనుక్కోండి. డబ్బు మాత్రం 4.05కే కట్టండి. దిద్దుబాటు జరిగి పెరిగితే తేడా చెల్లిస్తామని అగ్రిమెంటులో రాయండి, వాళ్లకూ అన్యాయం జరగదు.

ఎల్‌పీఎంలో అమ్మేవారి పేరొక్కటే ఉందో, ఇంకెవరివైనా ఉన్నాయో కూడా చూడండి. ఉమ్మడి ఎల్‌పీఎం అయితే ముందు సబ్ డివిజన్ చేయించి, వేరు నంబరు వచ్చాకే రిజిస్ట్రేషన్ మాట.

ప్రశ్న: బ్యాంకు తరఫున లాయరు ఒపీనియన్ ఇచ్చారు, వాల్యూయర్ వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లారు. లోను కూడా మంజూరైంది. ఇంకా సర్వే అవసరమా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అవసరమే. వాల్యూయర్ పని ఆ ఆస్తి ఎంత ధర పలుకుతుందో చెప్పడం. ఆయన టేపు పట్టినా, కట్టిన గోడల మధ్య కొలుస్తారు. ఆ గోడ హద్దు మీద ఉందా, పక్కవారి స్థలంలో ఉందా అన్నది ఆయన్ని బ్యాంకు అడగదు, ఆయనా చెప్పరు. లోను రావడమంటే బ్యాంకు తన అప్పుకు చాలినంత విలువ ఉందని నమ్మడమే.

ప్రశ్న: బెంగళూరు, బళ్లారి నుంచి కొనడానికి వచ్చేవాళ్లు గుంటల్లో అడుగుతారు, మేం సెంట్లలో చెబుతాం. "3-20" అని రాసిస్తే మూడున్నర ఎకరాలనుకుని ఒకాయన గొడవకు దిగారు. తప్పెవరిది?
— ఒక మధ్యవర్తి, రాయదుర్గం

జవాబు: రాసిన తీరుది. కర్ణాటకలోనూ తెలంగాణలోనూ ఎకరాకు 40 గుంటలు. అక్కడ 3-20 అంటే మూడెకరాల ఇరవై గుంటలు, అంటే 3.50. మన దగ్గర మూడెకరాల ఇరవై సెంట్లు, 3.20. తేడా ముప్పై సెంట్లు. అలంపూర్, గద్వాల వైపు నుంచి కర్నూలుకు వచ్చేవారితోనూ ఇదే చిక్కు. ఎకరాలు, సెంట్లు అని అక్షరాల్లో రాసి, పక్కనే గజాల్లో మొత్తం వేయండి. గజం ఎక్కడైనా గజమే. ఎకరా 4,840, గుంట 121, సెంటు 48.4.

ప్రశ్న: మండల సర్వేయరు వచ్చి హద్దు చూపించి కడప బండ కూసాలు నాటించారు. మర్నాటికే పక్క చేనాయన పీకేశాడు. "సర్వేయరు నాకేం జడ్జా?" అంటున్నాడు. సర్వేయరు మళ్లీ రానంటున్నారు. మరి ఆయన కొలిచి ఏం లాభం?
— ఒక రైతు, కడప సమీపం నుంచి

జవాబు: జడ్జి కాదన్న మాట వరకు పక్కాయన చెప్పింది సరైనదే. రికార్డులో ఉన్న గీత నేల మీద ఎక్కడ పడుతుందో చూపించడం వరకే సర్వేయరు పని. ఆక్రమణలో ఉన్నవారిని ఖాళీ చేయించే అధికారం ఆయనకు లేదు. మళ్లీ మళ్లీ రమ్మని ఆయన మీద కోప్పడి లాభం లేదు.

అయితే ఆ కొలత వృథా కాలేదు. ఎఫ్-లైన్ దరఖాస్తు (హద్దు కొలిచి చూపించమని ప్రభుత్వానికి పెట్టుకునేది) మీద, పక్కవారికి నోటీసిచ్చి కొలిచి ఉంటే, ఆ నోటీసు, హాజరైనవారి సంతకాలు, కొలత నక్షా మూడింటి నకళ్లూ తీసుకోండి. సివిల్ కోర్టులో మీకు పనికొచ్చే కాగితాలు అవే. పక్కాయన సంతకం పెట్టనంటే, పెట్టలేదన్న సంగతే పంచనామాలో రాయించి ఉండాలి. అధికారులు నాటిన హద్దురాయిని పీకడం నేరం. ఫొటోలతో పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి, ఒక ప్రతి తహసీల్దార్‌కూ ఇవ్వండి.

ఈ చేను కొనాలని ఎవరైనా వస్తే సంగతి దాచకండి. చూసేవాళ్లకు కూసాలు పీకిన గుంతలు కనిపిస్తాయి.

ప్రశ్న: ప్రభుత్వ సర్వేయరును పిలవాలా, ప్రైవేటు లైసెన్సు సర్వేయరును పిలవాలా? పని అయ్యాక ఏయే కాగితాలు అడగాలి?
— ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: కొనే ముందు మీ తృప్తి కోసమైతే లైసెన్సు సర్వేయరు చాలు, త్వరగా వస్తారు. ఆ కొలతకు పక్కవారు కట్టుబడాల్సిన పనిలేదు. హద్దు మీద ఇప్పటికే మాటామాటా ఉంటే ఎఫ్-లైన్ దరఖాస్తే మేలు, పక్కవారికి నోటీసు వెళుతుంది. ఆ దరఖాస్తు పట్టాదారు పేరునే పెట్టాలి. మీరింకా కొనలేదు గనుక అమ్మేవారితో పెట్టించండి.

లైసెన్సు చూపించమనండి. ఫీజు, పని ముందే మాట్లాడుకోండి. రాళ్లు నాటడం, కూలీలు, దారి ఖర్చులు ఆ ఫీజులో ఉన్నాయా లేవా అన్న దగ్గరే ఎక్కువ గొడవలొస్తాయి. బ్రోకరు తెచ్చిన సర్వేయరుకు బ్రోకరే డబ్బిచ్చే ఏర్పాటు వద్దు. కొనేవారే పిలిచి, కొనేవారే ఇవ్వాలి.

నక్షాలో ఇవి ఉండాలి: మొదలుపెట్టిన మూడు రాళ్లు, వాటి మధ్య దూరాలు రికార్డు ప్రకారం ఎంత, కొలిస్తే ఎంత, ప్రతి పక్క పొడవు, కర్ణాలు, ఉత్తర దిక్కు, విస్తీర్ణం కట్టిన పద్ధతి, హద్దు మీదున్న గోడలూ చెట్లూ బావులూ, హాజరైనవారి పేర్లు, తేదీ, సంతకం. రోవర్ వాడితే ప్రతి మూలకూ అక్షాంశ, రేఖాంశాల పట్టిక కూడా తీసుకోండి. రేపు రాయి పోయినా అదే చోటు మళ్లీ పట్టుకోవచ్చు. ఈ నక్షాను రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజుకు జతచేయించండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి గనుక పాత దస్తావేజులో జిల్లా పేరు వేరుగా ఉంటే, కొత్తదానిలో పాత పేరూ కొత్త పేరూ రెండూ రాయించండి.